పక్షుల నడవడిని చదివిన వైద్యుడు

నెల్లూరు పట్టణమునకు తూర్పున సుమారు పాతిక కిలోమీటర్ల దూరమున, బంగాళాఖాతపు ఒడ్డున మైపాడు అను గ్రామము కలదు. దానికి ఒకవంక సముద్రము, మరియొకవంక పెన్నానది నీటితో పండు వరిపొలములు ఉన్నవి. పడవలు ఒడ్డు చేరు వేళకు కాకులు అచ్చట సిద్ధముగా నుండును. వలలు దులుపునపుడు రాలిన చిన్నచేపలకై అవి తమలో తాము కలహించుకొనును. ఇంతలో గ్రద్ద యొకటి క్రిందికి దిగినచో ఆ కలహము మాని, అన్నియు నొక్కటై దానిని తరుమును. శీతకాలమున దూరదేశముల నుండి వచ్చిన చిన్నపిట్టలు అలల అంచున గుంపులుగా పరుగిడుచుండును. అల వెనుకకు పోగానే తడియిసుకలో ముక్కు గ్రుచ్చి ఆహారము వెదకుకొనును. అల మరల రాగానే ఒక్కపెట్టున వెనుదిరుగును. పొలముగట్లపై మేయు పశువుల వీపున నల్లని పసులపోలిగాడు కూర్చుండి పురుగులకై కాచుకొనియుండును.

ఇవి యన్నియు దినదినము మన కన్నుల యెదుట జరుగుచున్నవే. కాని వీనిని నిలిచి గమనించువారు కొలదిమంది. ఏ పక్షులు గుంపులుగా బ్రదుకును? ఏవి యొంటిగా తిరుగును? గుంపులో నున్నవి ఒకదానికొకటి ఎట్లు తోడ్పడును? గూడు కట్టునది ఆడుదియా, మగదియా? ఇట్టి ప్రశ్నలను సుమారు నూట ఎనుబది సంవత్సరములకు పూర్వము నెల్లూరులో నుండిన వైద్యుడొకడు వేసికొనెను. జవాబులను పుస్తకములలో గాక పొలములలోను, చెరువుగట్లపైనను, అడవులలోను వెదకెను. ఆయన పేరు థామస్ కావర్‌హిల్ జెర్డన్. భారతదేశపు పక్షులను గూర్చి సమగ్రమైన గ్రంథమును మొదట రచించినవారిలో నాయన అగ్రగణ్యుడు.

జెర్డన్ 1811 వ సంవత్సరము అక్టోబరు 12 వ తేదీన ఇంగ్లండు దేశమున డర్హమ్ మండలమునందు జన్మించెను. ఆయన పూర్వులు స్కాట్లండు సరిహద్దు ప్రాంతపు వారు. యౌవనమున ఆయన ఎడింబరో విశ్వవిద్యాలయమున చేరెను. అచ్చట రాబర్ట్ జేమ్సన్ అను ఆచార్యుడు ప్రకృతి శాస్త్రమును బోధించుచుండెను. ఆ విశ్వవిద్యాలయపు విద్యార్థులు ప్లినియన్ సంఘము అను పేర కూడి, తాము స్వయముగా చూచిన జంతువులను, మొక్కలను గూర్చి చర్చించుకొనుచుండిరి. 1829 లో జెర్డన్ ఈ సంఘమున సభ్యుడయ్యెను. అంతకు రెండు మూడేండ్ల క్రిందటనే చార్లెస్ డార్విన్ అను విద్యార్థి యదే సంఘమున కూర్చుండి వెడలిపోయెను. ఉభయుల మార్గములు వేరైనను, కాలక్రమమున ఒకరి పరిశీలనలు మరియొకరి కుపకరించుట మనము ముందు చూడగలము.

వైద్యవిద్య ముగించిన పిమ్మట జెర్డన్ ఈస్టిండియా కంపెనీ కొలువున సహాయ వైద్యుడుగా చేరి, 1836 ఫిబ్రవరిలో మద్రాసు రేవున దిగెను. మొదట ఆయనను గంజాము ప్రాంతమునకు పంపిరి. అచ్చటి సైనికులు జ్వరములతోను, రక్తవిరేచనములతోను బాధపడుచుండిరి. వారికి చికిత్స చేయుచు, తీరిక దొరకినపుడెల్ల ఆ యువకుడు తూర్పు కనుమలలోని పక్షులను పరిశీలింపసాగెను. మరుసటి సంవత్సరమున ఆయన ఒక అశ్వికదళమునకు వైద్యుడుగా నియుక్తుడై తిరుచిరాపల్లికిని, అటుపిమ్మట నాటి నిజాము రాజ్యములోని జాల్నాకును పోయెను. దండు ఎచ్చటికి కదలిన వైద్యు డచ్చటికి కదలవలసినదే. ఇతరులకు శ్రమగా తోచు ఈ ప్రయాణములు జెర్డన్‌కు వరములైనవి. తూర్పున కొండలు, దక్షిణమున కావేరీతీరము, పడమట దక్కను పీఠభూమి, వీని యన్నిటి పక్షులను ఆయన కొలది సంవత్సరములలోనే చూడగలిగెను.

అయితే చూచిన పక్షిని గుర్తించుట యెట్లు? ఆ కాలమున అదియే పెద్ద చిక్కు. భారతదేశపు పక్షులను గూర్చిన సమాచారము యూరపు ఖండములోని పత్రికలలో చెదరియుండెను. మారుమూల దండులో నుండు వైద్యునికి అవి లభించుట దుర్లభము. అందువలన జెర్డన్ తాను సేకరించిన పక్షుల చర్మములను సర్ విలియమ్ జార్డిన్ అను స్కాట్లండు శాస్త్రజ్ఞునికి ఓడపై పంపి, వాని పేర్లు తెలుపుమని కోరెను. అవి సముద్రమును దాటి గమ్యమును చేరునప్పటికి చిమ్మటలు పట్టి పాడైపోయెను. ఎన్నో దినముల శ్రమ వ్యర్థమయ్యెను.

ఇట్టి నష్టము కలిగినపుడు పని విడిచిపెట్టువారు కలరు. జెర్డన్ అట్లు చేయలేదు. పరుల నిర్ణయమునకై వేచియుండక, తన కన్నులను, తన లేఖనములను నమ్ముకొని, దక్షిణ భారతదేశపు పక్షుల పట్టికను తానే సిద్ధపరచెను. అది 1839 మొదలుకొని మద్రాసులో వెలువడుచుండిన యొక శాస్త్ర సాహిత్య పత్రికలో క్రమముగా ప్రకటితమయ్యెను. అంతకుముందు కర్నల్ సైక్స్ అను అధికారి దక్కను పక్షుల పట్టిక నొకదానిని ప్రకటించియుండెను. జెర్డన్ పట్టికలో సుమారు 420 జాతులు చేరినవి. అది సైక్స్ పట్టికకు ఇంచుమించు రెండింతలు. అప్పటికి జెర్డన్ వయస్సు ముప్పది యేండ్లకు లోపే.

1841 లో నీలగిరులలో ఆయనకు ఫ్లోరా అను యువతితో వివాహ మయ్యెను. ఆమెకు మొక్కలయందును, ముఖ్యముగా పుష్పముల చిత్రణమునందును అభిరుచి మెండు. పిమ్మట జెర్డన్ నెల్లూరు జిల్లా వైద్యుడుగా నియుక్తుడయ్యెను. ఆ తీరమున గడపిన సంవత్సరములే ఆయన జీవితమున మిక్కిలి ఫలవంతములైనవని చెప్పవచ్చును. అచ్చట దండుతో పాటు కదలవలసిన పని లేదు. ఋతువులు మారుచుండగా ఒకే ప్రాంతపు పక్షులను మరల మరల చూచు వీలు కలిగెను. పక్షి ఒకనాడు చేసిన పనిని చూచినంతనే దాని స్వభావము తెలియదు. గూళ్లు కట్టు కాలమున నొకవిధముగను, పిల్లలు ఎగిరిపోయిన పిదప మరియొక విధముగను అది మెలగును. ఏడాది పొడవున చూచినవానికే ఆ తేడా తెలియును.

ఈ పనిలో జెర్డన్‌కు తోడ్పడినవారు నెల్లూరు ప్రాంతపు యానాదులు. వారు ఆ కాలమున అడవులలోను, వాగుల వెంటను, సముద్రతీరమునను సంచరించుచు, వేటచేతను, వనమూలికల చేతను జీవించుచుండిరి. ఏ పొదలో ఏ పిట్ట గూడు కట్టునో, ఏది యే వేళ కూయునో, ఏ పిట్టను ఏ ఉపాయముచే పట్టవచ్చునో వారికి తెలిసినంతగా మరెవరికిని తెలియదు. బడి యెరుగని వారి మాటను విశ్వవిద్యాలయమున చదివిన వైద్యుడు ఆదరముతో విని వ్రాసికొనెను. విన్నదానిని తాను స్వయముగా పరీక్షించి చూచుకొనెను.

ప్రజలు పక్షులకు పెట్టుకొనిన పేర్లను గూడ ఆయన భద్రపరచెను. తరువాతి కాలమున వెలువడిన ఆయన గ్రంథమున శాస్త్రీయ నామముతో పాటు హిందీ, తమిళము మొదలగు భాషల పేర్లును, వానితో పాటు మన తెలుగు పేర్లును కానవచ్చును. పాలపిట్ట, గోరింక, పసులపోలిగాడు, పూరేడు మున్నగు పల్లెటూరి పదములు ఈ విధముగా శాస్త్రగ్రంథమున కెక్కినవి. మద్రాసు ప్రభుత్వోద్యోగియగు వాల్టర్ ఎలియట్ ఈ విషయమున జెర్డన్‌కు మిత్రుడై సాయపడెను. ఎలియట్ కూడ ప్రకృతి శాస్త్రమునందు ఆసక్తి కలవాడు. మొక్కల తెలుగు పేర్లను సేకరించి 1859 లో ఒక గ్రంథముగా ప్రకటించినవాడు ఆయనయే.

నెల్లూరు మొదలు దక్షిణముగా వ్యాపించిన తూర్పుతీర మైదానములను నాటి ఆంగ్లేయులు కర్నాటిక్ అని వ్యవహరించుచుండిరి. ఆ ప్రాంతమున నొక పల్లెలో జెర్డన్ కనిన దృశ్యము ఆయన గ్రంథమున నిలిచిపోయినది. ఊరి నడుమ నున్న పొట్టి చెట్లపై గూడబాతులు కొల్లలుగా మోటుగూళ్లు కట్టుకొనియుండెను. క్రింద మనుష్యులు తమ పనులు తాము చేసికొనుచుండిరి. పైన పక్షులు తమ పిల్లలను పెంచుకొనుచుండెను. మనుష్యుల సామీప్యమును అవి లెక్కచేయలేదు. అనేక తరములుగా అవి అచ్చటనే గూళ్లు కట్టుచున్నవని గ్రామస్థు లాయనకు చెప్పిరి. గూడబాతు మానవుని చూచి సహజముగా బెదరు పక్షి. అట్టి పక్షి ఊరి నడుమ నిర్భయముగా నుండుటకు కారణమేమి? తరతరములుగా ఆ గ్రామస్థులు దానికి హాని తలపెట్టకపోవుటయే. పక్షుల రెట్టతో కూడిన చెరువునీరు పైరులకు బలమనియు పల్లెవారెరుగుదురు. నెల్లూరు సీమలోని నేలపట్టు చెరువున గూడబాతులు నేటికిని వందలకొలది గూళ్లు కట్టుచున్నవి. ఆ తావును 1976 లో పక్షిసంరక్షణ కేంద్రముగా ప్రకటించిరి.

తోటలలో సాధారణముగా కనబడు బూడిదవన్నె పిట్టలను గూడ జెర్డన్ చిన్నచూపు చూడలేదు. వీనిని తెలుగువారు సిదా అనియు, ఏడెనిమిది కలిసి తిరుగుటచే హిందీవారు ఏడుగురు అన్నదమ్ములు అను అర్థము వచ్చు పేరుతోను పిలుతురు. ఇవి నేలపై గంతులు వేయుచు రాలిన ఆకులను తిరుగవేసి పురుగులను ఏరుకొనును. ఒకటి ఎగిరి పొదను చేరినచో తక్కినవి యొకదాని వెనుక నొకటిగా దాని ననుసరించును. పాము గాని, పిల్లి గాని కనబడినచో అన్నియు చేరి గోల చేయును. ఒక జంట గూటిలోని పిల్లలకు గుంపులోని తక్కిన పక్షులు కూడ ఆహారము తెచ్చి పెట్టునని తరువాతివారి పరిశోధనలవలన తెలిసినది.

పసులపోలిగాని ధైర్యము వేరొక విధమైనది. పరిమాణమున చిన్నదే యైనను, గూడు కట్టు కాలమున కాకిని గాని, గ్రద్దను గాని తన చెట్టు దరిదాపులకు రానీయదు. మెరుపువలె మీదికి దుమికి, వీపున పొడిచి, దూరముగా తరిమివేయును. కాకులను గూడ లోబరచుకొనుటచే ఆంగ్లేయులు దానికి కాకిరాజు అను అర్థము వచ్చు పేరు పెట్టిరి. ఈ పరాక్రమము ఇతరుల కుపకారమగుట విశేషము. పావురములు, వంగపండుపిట్టలు మొదలగు మెత్తని పక్షులు తరచుగా దాని గూటికి సమీపమున తమ గూళ్లను కట్టుకొని, దాని రక్షణమున పిల్లలను పెంచుకొనును.

జెర్డన్ వ్రాసిన వానిలో మిక్కిలి విచిత్రమైనది పూరేడు జాతిలోని యొక చిన్నపిట్టను గూర్చిన వృత్తాంతము. సాధారణముగా పక్షులలో మగవి పోట్లాడును, ఆడువి గ్రుడ్లు పొదుగును. ఈ పిట్టలో నది తలక్రిందు. ఆడుది పెద్దది, వన్నె కలది, కయ్యమునకు కాలుదువ్వునది. గ్రుడ్లు పొదిగి పిల్లలను పెంచు భారము మగదానిది. దక్షిణదేశపు వేటగాండ్రు ఈ స్వభావము నెరిగి, దానినే వలగా చేసికొనిరి. వారు ఒక ఆడుపిట్టను చిన్నపంజరమున నుంచి, దట్టమైన గడ్డిలో పెట్టుదురు. అది బిగ్గరగా కూయును. ఆ కూత వినవచ్చునంత మేర నున్న ఆడుపిట్టలన్నియు పరుగున వచ్చి పంజరపు కమ్ములపై పడి దానితో పోరుటకు యత్నించును. ఆ పెనుగులాటలో కమ్ముల నడుమ కట్టిన దారము తెగును, పై మూత పడును, చిన్నగంట మ్రోగును. పొంచియున్న వేటగాడు వచ్చి పిట్టను పట్టుకొనును. ఈ విధముగా దినమునకు పండ్రెండు మొదలు ఇరువది పిట్టలవరకు పట్టువారని జెర్డన్ వ్రాసెను. పట్టుబడినవన్నియు ఆడువే! 1871 లో డార్విన్ మానవ పరిణామమును గూర్చి గొప్ప గ్రంథమును ప్రకటించినపుడు, ఆడు మగ జంతువుల భేదములను చర్చించుచు జెర్డన్ తెలిపిన ఈ విషయమును గైకొనెను. దక్షిణదేశపు వేటగాండ్ర అనుభవము ఒక వైద్యుని లేఖనము ద్వారా ప్రపంచ శాస్త్రమునకు చేరినది.

గిజిగాని గూటిని చూడని పల్లెటూరి బాలుడుండడు. ఈతచెట్ల కొనల నుండి వ్రేలాడు ఆ గూళ్ల లోపల తడిమట్టి ముద్దలు అంటించియుండుట కలదు. రాత్రివేళ వెలుతురుకై గిజిగాడు మిణుగురుపురుగులను ఆ మట్టికి అంటించునని జనులు చెప్పుకొందురు. జెర్డన్ ఈ మాటను పరిహసింపనూ లేదు, నమ్మనూ లేదు. గూళ్లను విప్పి చూచెను. ఒక గూటిలో ఆరు చోట్ల కలిపి సుమారు మూడు ఔన్సుల మట్టి యుండెను. గాలికి గూడు మిక్కిలిగా నూగకుండ బరువు సరిపుచ్చుటకే పక్షి మట్టిని చేర్చుచున్నదని ఆయన తలచెను. దీనికి కారణమిదియే యని అందరు నంగీకరించిన సమాధానము నేటికిని లేదు. రంగూనులో నొక వైద్యుని ఇంటి చూరునకు చుట్టును నూటికి పైగా గిజిగాని గూళ్లు వ్రేలాడుచుండుటయు జెర్డన్ పేర్కొనెను.

గిజిగాని కాపురపు రహస్యమును తరువాత బొంబాయి వాసియగు సలీం అలీ వెల్లడించెను. 1930 లో ఆయన కిహీము అను సముద్రతీర గ్రామమున ఈ పక్షులను ఓపికతో కనిపెట్టి చూచెను. మగపక్షి గూటిని సగము అల్లి, రెక్క లల్లార్చుచు ఆడుపక్షులను పిలుచును. ఆడుది వచ్చి, లోపల పరీక్షించి, నచ్చినచో అందు ప్రవేశించును. అంతట మగది మిగిలిన భాగమును పూర్తిచేసి, వేరొక గూటిని మొదలుపెట్టును. సలీం అలీ పిదప 1931-32 లో హైదరాబాదు సంస్థానపు పక్షులను గూడ సర్వే చేసెను. జెర్డన్ వేసిన బాటను ఈ దేశీయుడు రాజమార్గ మొనర్చెనని చెప్పదగును.

జెర్డన్ పేరును శాశ్వతముగా నిలిపిన పక్షి కలివికోడి. నెల్లూరునకు పడమటనున్న కొండలలోను, కడప ప్రాంతపు చిట్టడవులలోను ఆయన దీనిని కనుగొనెను. రాళ్లతో కూడిన మెట్టనేలలు, పలుచని ముళ్లపొదలు దాని నివాసము. ఎగురుటకంటె నడుచుటయే దానికి ప్రీతి. దాని రొమ్ముపై రెండు పట్టెలు స్పష్టముగా కనబడును. అది చిన్న గుంపులుగా తిరుగుననియు, అప్పుడప్పుడు దీనముగా కూయుననియు ఆయన వ్రాసెను. దాని తెలుగు పేరును గూడ నమోదు చేసెను. ఆయన పంపిన నమూనాను కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ ప్రదర్శనశాలాధికారియగు ఎడ్వర్డ్ బ్లైత్ పరీక్షించి, ఇది శాస్త్రమునకు క్రొత్తజాతి యని 1848 లో ప్రకటించెను. ఆంగ్లమున దీనికి జెర్డన్ పేరే స్థిరపడినది. కలివిపొదల నడుమ తిరుగు దీనిని మనవారు కలివికోడి యని పిలుతురు.

ఈ కాలముననే మద్రాసు నుండి ఆయన చిత్రగ్రంథ మొకటి భాగములుగా వెలువడి, 1847 లో పూర్తియయ్యెను. అందు ఏబది పక్షుల చిత్రపటములు కలవు. వానిని చిత్రించుటలో భారతీయ చిత్రకారులు పాల్గొనిరి. తరువాత జెర్డన్ మలబారు తీరమున తెల్లిచెర్రికి పోయెను. ఆయన కుతూహలము పక్షులతో నాగలేదు. గుంపుగా బ్రదుకు మరియొక ప్రాణి చీమ. దక్షిణ భారతదేశపు చీమలను 47 జాతులుగా వర్ణించి 1851 లో ఆయన ప్రకటించెను. ఆహారముపైకి దుమికి పట్టుకొను విచిత్రమైన చీమజాతి యొకటి ఆయన మూలముననే శాస్త్రజ్ఞుల కెరుకయైనది.

అనంతరము ఆయన మధ్యభారతమున సాగరు దండులో పనిచేసెను. పిమ్మట అనారోగ్యముచే సెలవు గైకొని డార్జిలింగు చేరి, హిమాలయ పక్షులను పరిశీలించెను. ఇన్ని ప్రాంతములను చూచిన యాయనకు ఒక కోరిక బలముగా నుండెను. గ్రంథాలయములకు దూరమైన మారుమూల గ్రామమున నున్నవాడు సైతము, తన యెదుటనున్న పక్షి యేదియో తానే తెలిసికొనగల పుస్తకము కావలెను. జాల్నాలో తాను పడిన యిబ్బంది మరియొకరు పడరాదు. గవర్నరు జనరలు కానింగు ఈ సంకల్పమును మెచ్చి, గ్రంథరచనకై ఆయనను ప్రత్యేకముగా నియోగించెను. 1862 మొదలు 1864 వరకు కలకత్తాలో భారతదేశపు పక్షులను గూర్చిన జెర్డన్ గ్రంథము వెలువడెను. అందు వేయికి పైగా జాతుల వర్ణనలు కలవు. ఈకల రంగులను, ముక్కు పొడవును మాత్రమే గాక, ఆ పక్షి యెచ్చట నుండునో, ఏమి తినునో, ఎట్లు మెలగునో కూడ ఆయన వ్రాసెను. తరువాతి పరిశోధకులు పెక్కేండ్లు ఆయన ఇచ్చిన వరుససంఖ్యలతోనే పక్షులను వ్యవహరించిరి.

1867 లో ఆయన భారతదేశపు క్షీరదములను గూర్చిన గ్రంథమును రూర్కీలో ప్రకటించెను. 1868 లో ఉద్యోగము నుండి విరమించినను, ఇంటికి పోవుటకు మనసొప్పక అస్సాము పోయి అచ్చటి పక్షులను పరిశీలింప నారంభించెను. జ్వరము ఆయన నచ్చట క్రుంగదీసెను. 1870 లో ఇంగ్లండునకు తిరిగిపోయి, 1872 జూన్ 12 వ తేదీన కన్నుమూసెను. అప్పటికి ఆయనకు అరువది యేండ్లు.

ఒక సంగతి మరువరాదు. ఆ కాలపు శాస్త్రజ్ఞులు పక్షిని తుపాకితో కొట్టి, చేతిలోనికి తీసికొని గుర్తించుచుండిరి. నేటివంటి దుర్భిణులు గాని, కెమెరాలు గాని వారికి లేవు. జెర్డన్ కూడ అట్లే చేసెను. కాని చచ్చిన పక్షి తన రంగులను మాత్రమే చూపగలదు. తన నడవడిని చూపలేదు. జెర్డన్ గ్రంథము నేటికిని చదువదగినదై యుండుట ఆయన కూర్చిన చర్మములచే గాక, సజీవముగా చూచి వ్రాసిన వర్తనముచేతనే.

కలివికోడి కథ ఈ సత్యమునకే తార్కాణము. 1900 లో అనంతపురము సమీపమున నొకరికి కనబడిన పిదప ఆ పక్షి జాడ తెలియలేదు. అది నశించినదని పెక్కురు తలచిరి. ఎనుబదియారేండ్లు గడచిన తరువాత, 1986 జనవరిలో బొంబాయి ప్రకృతి శాస్త్ర సంఘమునకు చెందిన భరత్ భూషణ్ కడప జిల్లా రెడ్డిపల్లె ప్రాంతమున దానిని తిరిగి కనుగొనెను. అది పగలు దాగి, రాత్రులందు తిరుగు పక్షి యగుటచే అంతకాల మెవరికిని చిక్కలేదు. దానిని పట్టి చూపినవాడు ఐతన్న అను స్థానికుడు. జెర్డన్ నాడు యానాదుల సాయమున పక్షులను తెలిసికొనెను. ఆయన పక్షి తప్పిపోయినపుడు దానిని వెదకి యిచ్చినవాడును ఆ యడవి నెరిగిన గ్రామవాసియే. దాని రక్షణకై శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యము నేర్పరచిరి. దాని నివాసము చెడకుండుటకై తెలుగుగంగ కాలువ మార్గమును గూడ మార్చవలసి వచ్చెను. ఇప్పటికిని అది ప్రపంచమున అత్యంత అపాయస్థితిలో నున్న పక్షులలో నొకటి. ముళ్లపొదలు పనికిరానివని నరికివేసినచో, ఈసారి అది మరల దొరకునను నమ్మకము లేదు.

బాలబాలికలారా! జెర్డన్ చేసిన పనికి గొప్ప పరికరములు కావలసిరాలేదు. ఓపిక, నిశ్చలముగా కూర్చుండగల శక్తి, చూచినదానిని చూచినట్లు వ్రాయు సత్యనిష్ఠ, తెలిసినవారిని అడుగు వినయము, ఇవియే ఆయన సాధనములు. మీ యింటి పెరటిలోని కాకులను, బడి చెట్టుపైని గోరింకలను, చెరువులోని కొంగలను ఒక నెల దినములు అదే వేళకు కనిపెట్టి, తేదీ వేసి వ్రాసికొనుడు. ఏది మొదట వచ్చును, ఏది ఎవరిని తరుమును, ఏది కావలి కాయును అని ప్రశ్నించుకొనుడు. గూళ్లను కదల్పకుడు, గ్రుడ్లను ముట్టకుడు. మనుష్యులు హాని చేయనిచోట పక్షులు ఊరి నడుమనే గూళ్లు కట్టుకొనునని నాటి పల్లెటూరి గూడబాతులు జెర్డన్‌కు నేర్పిన పాఠము. అది నేటికిని మనకు వర్తించును.